గోదారిని ఎవరు బాగా చూపించారు? బాపుగారా, వంశీనా, ఆ తర్వాతోళ్ళా?

ప్రతి సంక్రాంతికీ మా ఇంట్లో ఒక గొడవ ఉంటదండి. కోడిపందేల గొడవ కాదు, పేకాట గొడవ కాదు, సినిమా గొడవ. భోగి నాడు రాత్రి అందరూ తిని, అరిసెల డబ్బా మధ్యలో పెట్టుకుని టీవీ ముందు చేరగానే మొదలవుద్ది. మా అక్కనిచ్చింది పాలకొల్లు, మేం రాజోలు వైపు, మధ్యలో గోదారి పాయ వశిష్ఠ ఒక్కటే అడ్డం. మా బావకి సినిమాలంటే ప్రాణం, పైగా పాలకొల్లోడు, అల్లు రామలింగయ్యగారిదీ దాసరి నారాయణరావుగారిదీ మా ఊరేనండి అని పెళ్ళిచూపుల్లోనే చెప్పాడాయన, అదో ఆస్తి లెక్కన.

ఈసారి గొడవేంటంటే గోదారిని సినిమాల్లో ఎవరు బాగా చూపించారు అని. బావ ఓటు బాపు రమణలకి. నాది వంశీకి. కాకినాడలో బీటెక్ చదివే మా మేనకోడలు శేఖర్ కమ్ముల అంటది. మా తమ్ముడైతే రంగస్థలం తప్ప మిగతావన్నీ కేలండర్ బొమ్మలు అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. అమ్మ ఎవరికీ ఓటెయ్యలేదు, ఆవిడకి సీరియల్ టైమ్ అయిపోతుందని కంగారు.

ఆ రోజు నేను సరిగ్గా వాదించలేకపోయా, నోట్లో అరిసె ఉండటం వల్ల కొంత, బావ గొంతు పెద్దది కావటం వల్ల ఇంకొంత. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తన్నా. నేనేం సినిమా పండితుణ్ణి కాదు, కెమెరా యాంగిల్సూ అవీ నాకు తెలీవు, ఊళ్ళో థియేటర్లో నేల టికెట్ నుంచి ఫోన్‌లో ఓటీటీ దాకా చూసుకుంటూ వచ్చిన మామూలు ప్రేక్షకుణ్ణి. కానీ గోదారి నీళ్ళు తాగి పెరిగినోణ్ణి, ఆ మాత్రం చెప్పే హక్కు ఉంది కదా.

ముందు నాకో పేచీ ఉంది, అది తేలకపోతే మిగతాది తేలదు. సినిమావాళ్ళకి గోదారి అనగానే పాపికొండలు గుర్తొస్తాయి. రెండు వైపులా పచ్చటి కొండలు, మధ్యలో లాంచీ, పైన మబ్బు, వెనకాల ఫ్లూటు. బాగుంటది, కాదనను. కానీ పాపికొండలు రాజమండ్రికి ఎగువనండి బాబు. మా డెల్టా మొదలయ్యేదే ధవళేశ్వరం దగ్గర. అక్కడ ఆనకట్ట దాటాక గోదారి చీలిపోయి గౌతమి అటు తూరుపుకి, వశిష్ఠ ఇటు పడమరకి పోతాయి, కిందకొచ్చాక వశిష్ఠలోంచి వైనతేయ ఇంకోటి. ఈ పాయల మధ్యలో ఉన్నోళ్ళం మేం. మా ఊరికి చుట్టుపక్కల ఎక్కడా కొండన్నది లేదు, చిన్నప్పుడు డ్రాయింగ్ క్లాసులో రెండు కొండల మధ్య సూర్యుణ్ణి గియ్యమంటే మాస్టారు బోర్డు మీద వేసింది చూసి వేశామంతే.

మాకు గోదారంటే కాలవ. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఆ నీళ్ళు కాలవల్లో పడి మా ఇంటి ముందుకొచ్చాయి. మా అమ్మమ్మ జన్మలో పాపికొండలు చూడలేదు, కానీ రోజూ తాగింది, స్నానం చేసింది, గేదెని కడిగింది అంతా గోదారి నీళ్ళతోనే. ఎండాకాలం కాలవలు కట్టేస్తే అడుగున బురదలో చేపలు పట్టుకోవటం, మళ్ళీ నీళ్ళొదిలిన రోజు గట్టు మీద నిలబడి ఆ ఎర్ర నీళ్ళ మొదటి తరగ వస్తుంటే దాని పక్కనే పరిగెత్తడం, లాకుల దగ్గర నీళ్ళ హోరు, చించినాడ వంతెన మీంచి బస్సులో పోతుంటే ఆడాళ్ళు చిల్లర నీళ్ళలోకి విసిరి దణ్ణం పెట్టుకోవటం, సఖినేటిపల్లి రేవులో పంటు మీద ఆటోలూ మోటార్ సైకిళ్ళూ మేకలూ అన్నీ కలిపి నరసాపురం దాటటం, ఇదీ మా గోదారి. కాబట్టి నా లెక్కలో ఏ సినిమా మేలు అంటే కొండలు ఎంత బాగా తీశాడని కాదు, ఈ కాలవ గట్టు మనుషులు అందులో ఉన్నారా లేదా అని.

ఇది చెప్పంగానే మా మేనకోడలు "అంటే మావయ్యా నీ రూల్ ప్రకారం నేను ఆల్రెడీ ఔట్ కదా" అంది. ఔటేనే తల్లీ. కానీ అంత తేలిగ్గా కాదు.

ఎందుకంటే 2006లో శేఖర్ కమ్ముల తీసిన గోదావరి సినిమా, లాంచీలో భద్రాచలం వెళ్ళే కథ, నేను నాలుగైదు సార్లు చూశా, ఇప్పటికీ వానాకాలం వరద టైములో బాలుగారి ఉప్పొంగెలే గోదావరి పాట ఫోన్‌లో పెట్టుకుని గట్టు మీదకెళ్తా. ఆ పాటకి ఒళ్ళు జలదరించకపోతే వాడు గోదారోడే కాదు. కె.ఎం. రాధాకృష్ణన్ ఆ ట్యూన్ ఏ ఘడియలో కట్టాడో గానీ నది నిజంగా కదుల్తున్నట్టు ఉంటది. సినిమా కూడా హాయిగా ఉంటది, ఒకళ్ళు ఒకళ్ళని చంపుకోవటాలు లేవు, కోటిగాడని ఒక కుక్క మాట్లాడుద్ది, సుమంత్‌కి అంతకంటే మంచి పాత్ర దొరికిందా అంటే నాకైతే అనుమానమే.

అలాంటి లాంచీ మీదే అంతకు 33 ఏళ్ళ ముందు, 1973లో, బాపు రమణలు అందాల రాముడు తీశారు. అక్కినేని, లత. అదీ భద్రాచలం ప్రయాణమే. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తాతా మనవళ్ళ ఫొటోల్లా ఉంటాయి, ముక్కు అదే, చొక్కా వేరు. పాతదాన్లో లాంచీ ఎక్కినోళ్ళని చూడండి, డబ్బున్నోళ్ళు, లేనోళ్ళు, పెద్దమనుషుల వేషంలో ఉన్నోళ్ళు, వాళ్ళ బుర్రలో ఉన్న కుళ్ళు, అన్నీ ఒక్క లాంచీలో కుక్కేసి నీళ్ళ మీద ఒదిలేశారు, ఇంక దిగి పోటానికి లేదు కదా, ఎవడి రంగు వాడు బయటపెట్టుకోవాల్సిందే. మా రేవులో పంటు మీద పావుగంట నిలబడితేనే సగం ఊరి గుట్టు తెలిసిపోద్ది, అలాంటిది రోజులతరబడి ప్రయాణం. నూతన్ ప్రసాద్‌గారికి అదే మొదటి సినిమా. ఘంటసాల గొంతులో ఎదగడానికెందుకురా తొందరా పాట ఉంది చూశారూ, మా అమ్మ మా తమ్ముణ్ణి ఉయ్యాల్లో వేసి అదే పాడేది, వాడు విన్నాడో లేదో గానీ నిజంగానే ఎక్కువ పొడుగు ఎదగలేదు.

కొత్తదాన్లో లాంచీ ఎక్కిన ముఖ్యమైనోళ్ళు చాలామటుకు సిటీ నుంచొచ్చినోళ్ళు. హీరో అమెరికాలో చదువుకొచ్చినోడు, హీరోయిన్ బట్టల డిజైన్లు చేసే అమ్మాయి. వాళ్ళకి గోదారి అంటే బుర్ర కుదుటపడే చోటు. అందులో తప్పు లేదు, కానీ అది చూట్టానికొచ్చినోడి గోదారి, టూర్ గోదారి. ఉన్నోడి గోదారి కాదు. ఈ ముక్క చెప్తే మా మేనకోడలికి కోపం వచ్చేసింది, "నువ్వు మాత్రం పాపికొండల ట్రిప్ ఎప్పుడైనా వెళ్ళావా" అంది. వెళ్ళలేదు మరి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగిపోయిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఆ మాటెత్తితే అమ్మ ఊరుకోదు. పైగా పోలవరం కట్టడం మొదలయ్యాక దేవీపట్నం వైపు వరద వచ్చినప్పుడల్లా ఊళ్ళలోకి నీళ్ళొచ్చేసి జనం ఖాళీ చేసి పోయారు, ఆ పాత లాంచీ సినిమాల్లో కనిపించే గట్లూ రేవులూ ఇంక వెళ్ళి చూద్దామన్నా అలా ఉండవు. ఆ లెక్కన చూస్తే ఆ రెండు సినిమాలూ దాచుకోవాల్సినవే.

రెండు లాంచీల్లో ఏది మేలంటే, పాటకి కొత్తది, మనుషులకి పాతది. మా అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చూడాలన్నా పాతదే.

ఇప్పుడు నా మనిషి దగ్గరికొస్తా. వంశీది పసలపూడి, రామచంద్రపురం అవతల, అచ్చంగా కాలవ గట్టు ఊరు. ఆయన సినిమాల్లో గోదారి ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పన్లేదు, మనుషుల్లో ఉంటది. 1986 నాటి లేడీస్ టైలర్ తీస్కోండి. ఒక బద్ధకస్తుడైన టైలరు, వాడికి పనంతా వచ్చు కానీ చెయ్యడు, తొడ మీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయిని చేసుకుంటే జాతకం తిరిగిపోద్దని ఎవడో చెప్తే ఇంక ఊరంతా ఆ మచ్చ వెతకటమే. చెప్పుకోటానికి సిగ్గుపడే కథ. కానీ అందులో ఆ టైలర్ కొట్టు, పక్కన ఖాళీగా కూర్చునే బ్యాచి, చేతిలో పని పెట్టుకుని ఎవడి పెళ్ళి కుదిరిందో ఎవడిది తప్పిపోయిందో మాట్లాడుకునే ఆ తీరుబడి, అదీ నిజం. మా ఊళ్ళో ఇప్పటికీ ఒక టైలర్ ఉన్నాడు, దసరాకిచ్చిన చొక్కా సంక్రాంతికి కూడా ఇవ్వడు, అడిగితే "కాజాలొక్కటే ఉన్నాయండి" అంటాడు. రెండేళ్ళ నుంచీ ఆ కాజాలే ఉన్నాయి. రాజేంద్రప్రసాద్ని చూసినప్పుడల్లా నాకు ఈయనే గుర్తొస్తాడు.

1991లో వచ్చిన ఏప్రిల్ 1 విడుదల ఇంకో మెట్టు పైన. అబద్ధం లేకపోతే పొద్దు గడవనోడు నెలరోజులు నిజమే చెప్పాలని పందెం. మా వైపు ఇలాంటి పందేలు నిజంగా కాస్తారండి. నెల రోజులు కాదులే, ఒక పూటకే, అది కూడా మధ్యాహ్నం దాకా ఎవరూ నిలబడరు. ఎందుకంటే గోదారి జిల్లాల్లో మర్యాద అంతా అబద్ధం మీదే నడుస్తది, "భోంచేసి వెళ్ళండి" అన్నప్పుడు "అబ్బే ఇప్పుడే తినొచ్చామండి" అనాలి, కడుపులో ఎలకలు పరిగెడుతున్నా సరే అనాలి, మూడోసారి బలవంతం చేస్తే అప్పుడు కూర్చోవాలి. ఆ సినిమా చూసి నవ్వుకున్నోళ్ళలో సగం మంది నవ్వింది ఇందుకే. ఇంక శ్రీ కనకమహాలక్ష్మి రికార్డింగ్ డ్యాన్స్ ట్రూప్ అయితే, తీర్థాల్లో రికార్డింగ్ డ్యాన్సులు దొంగతనంగా చూసొచ్చి వీపు చిట్లగొట్టించుకున్న మా తరానికి అదో ఆల్బమ్. ఆ డ్యాన్సాళ్ళకి కూడా ఒక ఇల్లూ ఆకలీ ప్రేమా ఉంటాయని మాకు చెప్పింది ఆ సినిమానే, అంతకు ముందు మేం స్టేజీ వెనక్కెళ్ళి చూళ్ళేదు కదా.

ఈ సినిమాలకి పాటలు కట్టిన ఇళయరాజా సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎక్కడో తమిళనాడులో పణ్ణైపురంలో పుట్టినాయనకి మా కాలవ గట్టు సాయంత్రం ఎలా ఉంటదో ఎవరు చెప్పారో.

కానీ నా మనిషని కళ్ళు మూసుకోను. వంశీ సినిమాల్లో ఆడాళ్ళని చూపించే పద్ధతి కొన్నిచోట్ల ఇబ్బందే. లేడీస్ టైలర్ మా ఇంట్లో హాల్లో పెట్టలేం, అమ్మా అక్కా ఉంటే రిమోట్ చేతిలో రెడీగా ఉండాలి. మా ఆవిడైతే "ఊళ్ళో ఆడాళ్ళకి వేరే పని లేనట్టు" అని లేచి వెళ్ళిపోద్ది, దానికి నా దగ్గర జవాబు లేదు. తర్వాతి రోజుల్లో ఆయన తీసినవి కూడా నాకు అంతగా ఎక్కలేదు, 2002లో ఔను వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు వరకూ ఫర్వాలేదు, చక్రి పాటలు బాగుంటాయి, కానీ 2017లో ఆ టైలర్ కొడుకు కథ తీశారు చూడండి, అది చూసి నేను థియేటర్లోంచి గబగబా వచ్చేశా, పాత స్నేహితుణ్ణి చాన్నాళ్ళకి కలిస్తే వాడు పాత జోకులే మళ్ళీ చెప్తున్నట్టుంది.

సరిగ్గా ఇక్కడే మా బావ నన్ను పడగొట్టాడు. "కాలవా కాలవా అని తెగ ఊదరగొడతన్నావ్ కదరా, సాక్షి చూశావా?" అన్నాడు. చూశానండి, కానీ వాదనలో గుర్తు రాలేదు. బాపుగారి మొట్టమొదటి సినిమా, 1967, ఆత్రేయపురం దగ్గర పులిదిండిలో తీశారు. సెట్టింగు కాదు, ఊళ్ళోనే. అందులో కృష్ణ హీరో అని పేరే గానీ చేసేది బల్లకట్టు నడపటం. అమాయకుడు, ఒక హత్య చూసి సాక్ష్యం చెప్తాడు, ఆ హంతకుడు జైలు నుంచి తిరిగొస్తున్నాడంటే అంతవరకూ శభాష్ అన్న ఊరంతా తలుపులేసుకుంటుంది. తెలుపు నలుపులో ఉన్నా ఆ తలుపులేసుకోవటం ఉంది చూడండి, అది నేను కళ్ళారా చూశా. మా ఊళ్ళో ఒకాయన చెరువు తవ్వకం మీద కంప్లైంట్ పెట్టినప్పుడు వెనకాల వందమంది ఉన్నారు, పేపర్ మీద సంతకం అనేసరికి అందరికీ చేతి నొప్పులే.

కాబట్టి కాలవ గట్టు మనుషుల్ని ముందు చూపించింది కూడా బాపు రమణలే. ఒప్పుకున్నా. రమణగారు పుట్టింది ధవళేశ్వరం, బాపుగారు పుట్టింది నరసాపురం, డెల్టా మొదలయ్యే చోట ఒకాయనా సముద్రంలో కలవబోయే చోట ఒకాయనా, ఇంక మధ్యలో వాళ్ళకి తెలీనిది ఏముంటుంది.

అయితే బావా, నాకో మాట చెప్పు. ఆ తర్వాత బాపుగారి గోదారి మెల్లమెల్లగా బొమ్మ అయిపోలేదా? 1975లో ముత్యాల ముగ్గు చూస్తే ప్రతి ఫ్రేమూ గోడకి తగిలించుకునేలా ఉంటది, ఆ కెమెరా పనికి ఇషాన్ ఆర్యగారికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఆ ముగ్గులూ ఆ అరుగులూ ఆ జడలూ చూస్తే కళ్ళు చల్లబడతాయి. మా అక్క పెళ్ళిలో ఫొటోగ్రాఫరు "బాపు బొమ్మలా నిలబడమ్మా" అని ఎన్నిసార్లన్నాడో. కానీ ఆ వాకిట్లో ఎవరైనా పేడ కళ్ళాపి చల్లాక చేతులు తుడుచుకోటానికి చీర చెంగు వాడినట్టు కనపడరు. వంశీ సినిమాలో వాకిలి చిందరవందరగా ఉంటది, ఎవడో సైకిల్ అడ్డంగా పెడతాడు, ఎవత్తో అరుస్తా ఉంటది. మా ఇల్లు రెండోదాన్లాగా ఉంటది. బావ వాళ్ళ ఇల్లు కూడా, అక్క అరిచే అరుపుతో సహా.

ముత్యాల ముగ్గులో నాకు అసలైన గోదారి అంటే రావు గోపాలరావు నోరే. కాంట్రాక్టరు పొద్దున్నే లేచి సూర్యోదయం చూసి అందులో కూడా హత్య కనిపెడతాడు, అదేదో వాతావరణం సంగతి చెప్తున్నంత తాపీగా. ఆయనది కాకినాడ వైపు, ఆ మాట ఎక్కడ లాగాలో ఎక్కడ తుంచాలో పుట్టుకతోనే వచ్చింది. కలాపోసన అన్న మాట మా ఊళ్ళో ఇప్పటికీ వాడతారు, సినిమా చూడనోళ్ళు కూడా.

ఇక్కడ యాస గురించి ఒక్క నిమిషం. ఇప్పుడు టీవీలో కామెడీ ప్రోగ్రాముల్లో గోదారోడు అంటే చాలు, ప్రతి మాటకీ ముందు ఒక ఆయ్, వెనక ఒక అండి. మేం ఆయ్ అంటాం, నిజమే, కానీ ఎవరైనా చెప్తుంటే వింటున్నాం అనటానికి అంటాం, తుమ్మినట్టు ప్రతిదానికీ అనం. అండి కూడా అంతే, దాంట్లో వంద రకాలున్నాయి. మర్యాద అండి, కోపం అండి, "నీ మొహం" అని మనసులో అనుకుంటూ పైకి అనే అండి. మా వెటకారం అంతా ఆ మూడో అండిలో ఉంటది. అది పట్టుకున్నోడు రావు గోపాలరావు ఒకడు, తర్వాత కొంతవరకు రంగస్థలం.

రంగస్థలం మా తమ్ముడి కేసు. నిజం చెప్పాలంటే వాడి వాదనలోనే బలం ఎక్కువుంది, వాడికి చెప్పటం చేతకాలేదు గానీ. అది తీసిన సుకుమార్‌ది మట్టపర్రు, మా రాజోలు పక్కనే, అందుకని వాడికి అభిమానం ఒక పాలు ఎక్కువ. పాటలు కట్టిన దేవిశ్రీ వాళ్ళది వెదురుపాక. 2018లో రాజోల్లో ఆ సినిమా చూసిన రోజు హాలంతా మనోళ్ళు మనోళ్ళు అని ఒకటే గోల. తమాషా ఏంటంటే ఆ ఊరు చాలామటుకు హైదరాబాద్‌లో వేసిన సెట్టు. పులిదిండిలో తీసిన సినిమా నిజం ఊరు, ఇది అట్టలూ చెక్కలూ, అయినా నాకు రెండోది కూడా ఊరులాగానే కనపడింది, ఎందుకంటే చేలకి నీళ్ళు తోడే ఇంజను పెట్టుకుని బతికే కుర్రోడు హీరో. వాడికి చెవులు సరిగ్గా వినపడవు, ఊళ్ళో సౌండ్ ఇంజినీరు అని పిలుస్తారు, అంత క్రూరమైన జోకు గోదారోళ్ళు తప్ప ఇంకెవరూ వెయ్యలేరు. ఆ సినిమాకి సౌండుకే జాతీయ అవార్డు రావటం ఇంకో జోకు.

అసలు సంగతేంటంటే బాపుగారి ఊళ్ళోనూ వంశీ ఊళ్ళోనూ లేని మనిషి ఈ సినిమాలో ఉన్నాడు. ప్రెసిడెంటు. మాటెత్తకుండానే ఊరంతటినీ కుర్చీ కాళ్ళ కింద పెట్టుకుని కూర్చున్నోడు. సొసైటీ అప్పులు, వేలిముద్రలు, పొలాలు చేతులు మారటం, కులం మాట పైకి అనకుండానే అందరికీ తెలిసిపోవటం, ఇదంతా మా పచ్చటి కొబ్బరి తోటల కింద ఎప్పట్నుంచో ఉంది. కాంట్రాక్టరు దుర్మార్గుణ్ణి చూసి మనం నవ్వుకుంటాం, ఈ ప్రెసిడెంటుని చూసి నవ్వు రాదు. 2024లో కమిటీ కుర్రోళ్ళు వచ్చింది చూడండి, జాతరా స్నేహాలూ మధ్యలో కులం వచ్చి ఇరుక్కోవటం, అది కూడా ఈ దారిలోదే, కుర్రాళ్ళందరూ కొత్తోళ్ళైనా మా బస్టాండ్లో కూర్చునే మొహాల్లాగే ఉన్నాయి. గోదారంటే వెటకారం, పూతరేకులు, పులస అనుకునేవాళ్ళకి ఈ రెండూ చూపించాలి.

అలాగని తమ్ముడికి గెలుపు ఇచ్చేద్దామా అంటే, నాకు మనసొప్పదు. రంగస్థలం చూసి ఇంటికొచ్చాక రాత్రి నిద్ర పట్టదు. ఏప్రిల్ 1 విడుదల చూస్తే పడద్ది. నాకు నిద్ర కావాలండి, పొద్దున్నే పన్లున్నాయి. వంశీ అంటే నాకు మేలు అనటానికి అసలు కారణం అదేనేమో, మా ఊరి మీద కోపం తెప్పించకుండా మా ఊరి లోపాలు చూపిస్తాడు. బద్ధకం, చాడీలు, పుకార్లు, ఆడాళ్ళ మీద ఒక కన్ను, అన్నీ చూపించి కూడా మళ్ళీ ఆ ఊరికే వెళ్ళాలనిపించేలా చేస్తాడు. ఒక్క సినిమా అయితే సాక్షి గొప్పది, బావకి ఇచ్చేశా. ఒక్క పాటైతే శేఖర్ కమ్ముల. ధైర్యం సుకుమార్. పదిసార్లు చూడాలంటే మాత్రం వంశీ.

పాటల మాటొచ్చింది కాబట్టి, బావని మళ్ళీ కొట్టటానికి నా దగ్గరో అస్త్రం ఉంది, కానీ అది నాకూ తగిలింది. 1984లో వంశీ తీసిన సితారలో జానకమ్మకి జాతీయ అవార్డు తెచ్చిన వెన్నెల్లో గోదారి అందం రాసింది వేటూరి, ఇరవై రెండేళ్ళ తర్వాత ఉప్పొంగెలే గోదావరి రాసిందీ వేటూరే. ఆయనది కృష్ణా జిల్లా పెదకళ్ళేపల్లి! అంతకు ముందు 1964లో మూగమనసులులో గోదారి గట్టుంది అని సుశీలమ్మ చేత పాడించిన మాటలు దాశరథిగారివి, ఆయన తెలంగాణ. మేం ఇక్కడ గట్టు మీద కూర్చుని మాది మాది అని మీసాలు దువ్వుతున్నాం, పాటలేమో పక్క జిల్లాలోళ్ళు వచ్చి రాసి పెట్టి వెళ్ళారు. మాకు రాసే తీరిక ఎక్కడిది, మాట్లాడటానికే పొద్దు చాలదు.

ఇంకో సంగతి, గొడవ పెద్దదైపోతున్నప్పుడు అక్క లోపల్నుంచి ఒక పుస్తకం తెచ్చి మధ్యలో పడేసింది. మా పసలపూడి కథలు. స్వాతి వీక్లీలో వచ్చేటప్పుడు మా అక్క వారం వారం చింపి దాచుకునేది, తర్వాత పుస్తకం కొనుక్కుంది. కథలు వంశీవి, బొమ్మలు బాపువి. "ఆళ్ళిద్దరికీ లేని గొడవ మీకెందుకు" అని అరిసెల డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. డబ్బా పోయాక ఇంక వాదించటానికి ఎవరికీ ఓపిక లేకపోయింది.

మర్నాడు పండగ గడిచింది, కనుమ రోజు అందరం ప్రభల తీర్థానికి జగ్గన్నతోట వెళ్ళాం, వెదుళ్ళతో ఎత్తుగా కట్టి రంగు బట్టలు చుట్టిన ప్రభల మీద చుట్టుపక్కల ఊళ్ళ దేవుళ్ళని మోసుకొచ్చే తీర్థం అది. మీరెప్పుడూ చూళ్ళేదంటే ఒకసారి రండి, 2023లో ఢిల్లీలో రిపబ్లిక్ డే శకటంగా కూడా పెట్టారు. గంగలకుర్రు వైపు నుంచొచ్చే ప్రభలు దారిలో కౌశిక కాలవ దాటాలి. వంతెన మీంచి కాదు, నీళ్ళలోంచే. అంత ఎత్తు ప్రభని భుజాల మీదెత్తుకుని కుర్రాళ్ళు కాలవలోకి దిగుతారు, నీళ్ళు గుండెల దాకా వచ్చేస్తాయి, ప్రభ ఒక పక్కకి ఒరిగినప్పుడల్లా గట్టు మీద జనం అంతా ఒకేసారి ఊపిరి బిగబడతారు, మళ్ళీ నిలబడగానే అశ్శరభ శరభ అని ఒకటే అరుపు. మా బావ నా చెయ్యి పట్టుకున్నాడు, ఎందుకో ఆయనకే తెలీదు. "ఇది ఎవడు తీశాడు చెప్పరా?" అన్నాడు. నాకు ఒక్క సినిమా కూడా గుర్తు రాలేదు.

మా మేనకోడలు అదంతా ఫోన్‌లో తీసింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి దానికి రమణ గోగుల పాడాడు చూడండి గోదారి గట్టు మీద రామచిలక పాట, 2025 సంక్రాంతికి వచ్చింది, ఆ పాట కింద పెట్టి రీల్ చేసి పెట్టేసింది. మా అమ్మ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూసి, "గట్టంటాడేంటే, ఆళ్ళేమో పీకల్దాకా నీళ్ళలో ఉంటే" అంది.